సైరన్ మోగింది సరే, సద్దిమూట ఎవరు కడతారు?

2025 మే 7వ తేదీ సాయంత్రం 4 గంటలకు హైదరాబాద్‌లో సైరన్లు మోగాయి. ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మంది అమాయకులను కాల్చి చంపారు. దాంతో పాకిస్తాన్‌తో యుద్ధం తప్పదేమో అన్న పరిస్థితి వచ్చింది. అప్పుడు కేంద్ర హోం శాఖ దేశంలోని 244 పౌర రక్షణ జిల్లాల్లో మాక్ డ్రిల్ జరపాలని ఆదేశించింది. ఆ జాబితాలో మన హైదరాబాద్, విశాఖపట్నం కూడా ఉన్నాయి. హైదరాబాద్‌లో ‘ఆపరేషన్ అభ్యాస్’ పేరుతో సికింద్రాబాద్, గోల్కొండ, కంచన్‌బాగ్‌లోని డీఆర్‌డీఓ, మౌలాలిలోని ఎన్‌ఎఫ్‌సీ వద్ద అభ్యాసం చేశారు. వీటిలో కంచన్‌బాగ్ పాతబస్తీని ఆనుకునే ఉంది. చాంద్రాయణగుట్ట, హఫీజ్ బాబా నగర్, సంతోష్‌నగర్ ప్రాంతాల్లో లక్షల మంది ఆ క్షిపణి ప్రయోగశాలల చుట్టూనే కాపురం ఉంటున్నారు.

ఆ డ్రిల్‌లో ఏమేమి ఉండాలో హోం శాఖ ముందే చెప్పింది. వైమానిక దాడి సైరన్లను పరీక్షించాలి. పౌరులకు, విద్యార్థులకు ఆత్మరక్షణలో శిక్షణ ఇవ్వాలి. దీపాలన్నీ ఆర్పివేసే బ్లాకౌట్‌కు సిద్ధం కావాలి. ముఖ్యమైన కర్మాగారాలు శత్రువు కంటపడకుండా కప్పే ఏర్పాట్లు చూసుకోవాలి. జనాన్ని ఖాళీ చేయించే ప్రణాళికను సవరించి, ఒకసారి ఆచరించి చూడాలి. ఇవన్నీ అవసరమే. ఈ ఐదింటిలో అన్నం మాట మాత్రం లేదు. సైరన్ మోగిన రెండో రోజున, మూడో రోజున కూడా తన పోస్టులోనే నిలబడవలసిన వాలంటీర్ ఏం తింటాడు, ఎక్కడ తింటాడు, దానికి డబ్బు ఎవరిస్తారు అన్న ప్రశ్న ఆ జాబితాలో కనబడదు.

ఇది చిన్న విషయంగా కొందరికి తోచవచ్చు. యుద్ధం నాలుగు రోజుల్లోనే ఆగింది కదా, మే 10న కాల్పుల విరమణ వచ్చేసింది కదా అనవచ్చు. ఆగింది గనుకనే, తీరికగా ఆలోచించడానికి ఇదే సమయం అని మేము అంటున్నాము.

వాలంటీర్ అంటే ఎవరు?

మన దేశంలో పౌర రక్షణకు 1968లో ఒక చట్టం చేశారు. 1962లో చైనాతో, 1965లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధాల అనుభవం దాని వెనుక ఉంది. 2009లో దానిని సవరించి, యుద్ధానికే కాక వరదలు, భూకంపాలు, ప్రమాదాల వంటి విపత్తులకూ వర్తించేలా చేశారు. ఈ వ్యవస్థలో జీతం తీసుకునే సిబ్బంది కొద్దిమందే. మిగిలిన బలమంతా స్వచ్ఛందంగా పేరు రాయించుకున్న మామూలు మనుషులది.

వీరినీ హోంగార్డులనూ ఒకటిగా చూడకూడదు. తెలంగాణలో హోంగార్డుకు రోజుకు వెయ్యి రూపాయల భత్యం 2025 జనవరి నుంచి అందుతోంది. అది చాలుతుందా లేదా అన్నది వేరే చర్చ. కానీ ఇంటికి కొంత డబ్బు చేరుతుందన్న భరోసా వారికి ఉంది. పిలుపు వచ్చినప్పుడు వచ్చే సివిల్ డిఫెన్స్ వాలంటీర్‌కు అది బతుకుతెరువు కాదు, సేవ.

పాతబస్తీలో సేవకు ముందుకు వచ్చేవారు ఎవరో మనకు తెలుసు. లాడ్‌బజార్‌లో గాజుల దుకాణంలో పనిచేసే కుర్రాడు, ఆటో నడిపే నడివయసు మనిషి, జర్దోజీ మగ్గం మీద కూర్చునే యువకుడు, ప్రైవేటు ఆస్పత్రిలో ఆయాగా పనిచేసే తల్లి. వీరిలో చాలామంది ఏ రోజు సంపాదన ఆ రోజు తినేవారే. డ్యూటీకి వెళ్లిన రోజు కూలి పోతుంది. ఆ రోజు తన తిండి ఖర్చు కూడా తనదే అయితే నష్టం రెండింతలవుతుంది. యాకుత్‌పురాలో ఉండే మనిషిని మౌలాలికి పంపితే ఇల్లు ఎంతో దూరం కాదని మనం అనుకుంటాం. కానీ రోడ్లు మూసి, దీపాలు ఆర్పి, బస్సులు ఆపిన రాత్రి అది మరో ఊరితో సమానం. ఇంట్లో వండిన అన్నం క్యారేజీలో పెట్టి పంపినా ఆ రాత్రి చేరదు.

చట్టానికి ఈ సంగతి తెలియదని మేము అనడం లేదు. పౌర రక్షణలో మొత్తం 12 సేవలు ఉన్నాయి. వార్డెన్ సేవ, అగ్నిమాపక సేవ, రక్షణ సేవ, క్షతగాత్రుల సేవ అందరికీ తెలిసినవి. వాటితోపాటు సంక్షేమ సేవ ఒకటి, సరఫరా సేవ ఒకటి కూడా ఆ పన్నెండింటిలో ఉన్నాయి. కాగితం మీద స్థానం ఉంది. కెమెరాల ముందు నిచ్చెన వేసి మనిషిని కిందికి దించడం ఎంత ముఖ్యమో, ఆ దించినవారికి రాత్రి 9 గంటలకు పళ్లెంలో అన్నం పెట్టడం కూడా అంతే ముఖ్యమని ఆ రెండు సేవల పేర్లే చెబుతున్నాయి. వాటిని కూడా డ్రిల్‌లోకి తేవడమే మిగిలింది.

గోదాములో బియ్యం, పళ్లెంలో అన్నం

మే 9న కేంద్ర ఆహార మంత్రి ప్రహ్లాద్ జోషి దేశంలో తిండిగింజలకు కొరత లేదని ప్రకటించారు. బియ్యం 135 లక్షల టన్నులు ఉండవలసిన చోట 350 లక్షల టన్నులకు పైగా ఉన్నాయని, గోధుమలు 276 లక్షల టన్నులకు గాను 380 లక్షల టన్నులు దాటి ఉన్నాయని లెక్కలు చెప్పారు. ఎవరూ భయపడి సరుకులు దాచుకోవద్దని హెచ్చరించారు. ఆ మాట నిజమే. 1965లో లాల్ బహదూర్ శాస్త్రి వారానికి ఒక పూట భోజనం మానుకోమని ప్రజలను అడిగిన రోజులు కావివి. అప్పుడు మన తిండి కోసం అమెరికా గోధుమల ఓడల వైపు చూసేవాళ్లం. ఇప్పుడు మన గోదాములు నిండి ఉన్నాయి.

అయితే గోదాములో బియ్యం ఉండటం వేరు, వాలంటీర్ చేతిలో అన్నం ముద్ద ఉండటం వేరు. ఈ రెండింటి మధ్య పొయ్యి, వంటవాడు, గ్యాస్ సిలిండర్, నీళ్ల ట్యాంకర్, వండినది మోసే బండి, ఆ బండికి పాసు, బిల్లు కట్టే అధికారి ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా 350 లక్షల టన్నులు ఆకలిగొన్న ఒక్క మనిషికీ అక్కరకు రావు.

దూరాన ఉన్నవారికి తిండి ఏర్పాటు చేయడం మనకు చేతకాని పనేమీ కాదు. మే నెలలో ఆ నాలుగు రోజుల్లోనే పంజాబ్, జమ్మూ కశ్మీర్ విశ్వవిద్యాలయాల నుంచి మన విద్యార్థులు ఢిల్లీకి చేరినప్పుడు తెలంగాణ భవన్, ఆంధ్రప్రదేశ్ భవన్ వారికి బసా భోజనమూ కల్పించాయి. ఫలానా చోటికి వెళ్లండి, అక్కడ అన్నం ఉంటుంది అని ఆ పిల్లలకు చెప్పగలిగాం. మన ఊరి వాలంటీర్‌కూ అదే మాట చెప్పగలగాలి.

1942 నేర్పిన పాఠాలు

మన తెలుగు నేల మీద బాంబులు పడిన రోజు ఒకటి ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద దాడి చేశాయి. ప్రాణనష్టం కంటే భయం ఎక్కువ. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు తరలిపోయారు. ఇలాంటప్పుడు ఊరు విడవకూడనివారు కొందరు ఉంటారు. రేవు కార్మికులు, ఆస్పత్రి సిబ్బంది, దాడుల సమయంలో కాపలా కాసే వార్డెన్లు ఉండి తీరాలి. దుకాణాలు, హోటళ్లు మూసేసి యజమానులు వెళ్లిపోయిన ఊళ్లో జేబులో డబ్బున్నా తిండి దొరకదు. అందరూ ఖాళీ చేసే చోటుకు కొందరిని పంపుతున్నప్పుడు, వారితోపాటు వారి తిండినీ పంపాలి.

అదే ఏడాది మార్చిలో రంగూన్ పడిపోయింది. అక్కడి రేవులో, మిల్లుల్లో పనిచేసే తెలుగు కూలీలు వేల సంఖ్యలో ఉండేవారు. దాదాపు ఐదు లక్షల మంది భారతీయులు బర్మా వదిలి వచ్చారు. వారిలో ఎందరో కొండలు, అడవులు దాటి నడిచారు. దారిలో ఆకలితో, మలేరియాతో, కలరాతో వేలమంది చనిపోయారు. అస్సాం సరిహద్దు దారుల్లో టీ తోటల సంఘం శిబిరాలు పెట్టి, వచ్చినవారికి టీ, అన్నం ఇచ్చింది. ఆ శిబిరాల్లో పనిచేసినవారూ ఇళ్లకు దూరంగా వచ్చినవారే. అడవి దారిలో మూటలు మోసే మనిషి కూడా అన్నం తినాలి గనుక, ఎంత లోపలికి వెళితే మోసిన బియ్యంలో అంత భాగం మోసేవారికే సరిపోతుంది. సహాయం చేసేవారి తిండిని లెక్కలో వేయని ప్రణాళిక సగం దారిలోనే ఆగిపోతుంది.

బ్రిటన్‌లో 1940 జనవరి 8న రేషన్ మొదలైంది. వెన్న, చక్కెర, పంది మాంసం కూపన్ల మీదే ఇచ్చేవారు. కానీ క్యాంటీన్లలో, హోటళ్లలో తినే భోజనానికి కూపన్ అడగలేదు. దాంతో బాంబుల రాత్రి డ్యూటీ చేసిన వార్డెన్, మంటలార్పే మనిషి క్యాంటీన్‌లో తిన్నందుకు ఇంట్లో భార్యాపిల్లల కోటా తగ్గలేదు. 1938లో ఏర్పడిన మహిళా స్వచ్ఛంద సేవాదళం బండ్ల మీద టీ, వేడి భోజనం పెట్టుకుని కూలిన వీధుల్లోకి వెళ్లేది. ఇంటి రేషన్ ఇంటికే ఉండాలి, డ్యూటీ భోజనం వేరుగా ఉండాలి అన్న ఈ సూత్రం నేటికీ మనకు పనికొస్తుంది. తెలంగాణలో ఇప్పుడు రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. అంటే రోజుకు 200 గ్రాములు. వాలంటీర్ పోస్టులో తిన్నాడని ఆ 200 గ్రాముల మీద ఎవరి కన్నూ పడకూడదు.

అదే యుద్ధకాలంలో ఒక చేదు పాఠం కూడా ఉంది. 1942 ఆగస్టులో బెంగాల్ ఛాంబర్ ఆఫ్ కామర్స్ కలకత్తాలోని ‘ముఖ్యమైన’ పరిశ్రమల కార్మికులకు తక్కువ ధరకు ధాన్యం అందే పథకం పెట్టింది. యుద్ధానికి అవసరమైనవారికి తిండి అందింది. మరుసటి ఏడాది వచ్చిన కరవులో పల్లెల జనం సుమారు 30 లక్షల మంది ఆకలితో, రోగాలతో చనిపోయారు. ఆ పథకం ఒక్కటే దానికి కారణమని మేము అనడం లేదు. అయితే కొందరిని ‘అవసరమైనవారు’గా పక్కన పెట్టి, మిగిలినవారిని మరచిపోయే ప్రభుత్వం ఎక్కడికి చేరుతుందో బెంగాల్ చూపించింది. కాబట్టి వాలంటీర్‌కు అన్నం అడిగే మేము, అది వీధిలోని పేదవాడి కంచం లోంచి తీసింది కాకూడదని కూడా అడుగుతున్నాము.

ఎంత తిండి కావాలి?

ఇది దయతో ఓ పొట్లం చేతిలో పెట్టి పంపే విషయం కాదు, లెక్క ఉన్న విషయం. విపత్తు సమయాల్లో సహాయ శిబిరాల్లో ఉన్న పెద్దవారికి రోజుకు 2,400 కేలరీల ఆహారం ఇవ్వాలని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కనీస ప్రమాణంగా చెప్పింది. శిబిరంలో కూర్చున్న మనిషికి అది సరిపోతుంది. శిథిలాలు తవ్వే మనిషికి, స్ట్రెచర్ మోసే మనిషికి అది చాలదు. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన లెక్కల ప్రకారం, బరువైన శారీరక శ్రమ చేసే పురుషుడికి రోజుకు 3,470 కేలరీలు, స్త్రీకి 2,720 కేలరీలు కావాలి. శిబిరం లెక్కకూ శ్రమించే పురుషుడి లెక్కకూ మధ్య తేడా వెయ్యి కేలరీల పైమాటే. అది దాదాపు 300 గ్రాముల బియ్యంతో సమానం. శిబిరం వంటశాల నుంచే వాలంటీర్‌కూ అదే గరిటెతో పెడితే, అతను రోజూ ఆ 300 గ్రాముల లోటుతో పనిచేస్తాడు. మూడో రోజుకు చేతులు వణుకుతాయి. చేయి వణికే మనిషి స్ట్రెచర్ పట్టుకుంటే ప్రమాదం గాయపడినవారికే.

మొదటి 12 గంటల్లో వేడి అన్నం అందకపోవచ్చు. బ్లాకౌట్ రాత్రి ఆరుబయట కట్టెల పొయ్యి వెలిగించడం కుదరదు. మే నెల ఎండలో మధ్యాహ్నం ప్యాక్ చేసిన సాంబారన్నం రాత్రికి పులిసిపోతుంది. అందుకే పూర్వం మన పెద్దలు దూర ప్రయాణానికి పులిహోర, రొట్టెలు, అటుకులు కట్టుకెళ్లేవారు. 200 గ్రాముల అటుకులు, 100 గ్రాముల వేయించిన శనగలు, 100 గ్రాముల పల్లీపట్టీ, 100 గ్రాముల ఖర్జూరాలు కలిపి ఒక సంచిలో వేస్తే బరువు అరకిలో. శక్తి సుమారు 1,800 కేలరీలు. పొయ్యి అక్కర్లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు, ఏ మతం వారికీ అభ్యంతరం ఉండదు. దాంతోపాటు తాగునీరు, ఓఆర్ఎస్ పొట్లాలు ఉంటే చాలు, మొదటి రాత్రి గడుస్తుంది. సైనికుల కోసం వండి మూసిన పొట్లాలు తయారుచేసే విద్య మైసూరులోని రక్షణ ఆహార పరిశోధన ప్రయోగశాలకు ఉంది. కంచన్‌బాగ్ ప్రయోగశాలలు ఏ డీఆర్‌డీఓకు చెందినవో అదీ ఆ డీఆర్‌డీఓదే. క్షిపణి తయారయ్యే చోటును కాపాడేవారికి అదే సంస్థ పొట్లాలను అడగడంలో తప్పేముంది?

పాతబస్తీకి వంట కొత్త కాదు

ఈ ప్రాంతానికి వేలమందికి వండిపెట్టే అలవాటు నాలుగు వందల ఏళ్ల నుంచి ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ ఉప్పొంగి వేలమందిని మింగినప్పుడు, నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం నిలువనీడ లేనివారికి అన్నం పెట్టే కేంద్రాలు తెరిచింది. 2020 అక్టోబర్‌లో పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి చాంద్రాయణగుట్ట, హఫీజ్ బాబా నగర్, ఫలక్‌నుమా ప్రాంతాల్లో ఇళ్లు మునిగినప్పుడు ఎన్నో ఇళ్లలో పొయ్యి మీద పిల్లి లేవలేదు. కోవిడ్ లాక్‌డౌన్‌లో జీహెచ్‌ఎంసీ ఐదు రూపాయల అన్నపూర్ణ భోజనాన్ని ఉచితంగా ఇచ్చింది. ఆ అన్నపూర్ణ కేంద్రాలు 2014లో మొదలయ్యాయి. పెద్ద వంటశాలలో వండి, బండ్ల మీద నగరమంతా చేర్చే పద్ధతి మన నగరపాలక సంస్థకు చేతిలో ఉన్న పనే.

దానికి తోడు గల్లీగల్లీకీ ఫంక్షన్ హాలు ఉంది. వెయ్యి మందికి ఒకే పూట వండే డేగ్‌లు, వాటిని దించగల వంటవారు ఉన్నారు. మదర్సాలు, గురుద్వారా, ఆలయాల అన్నదాన సత్రాలు, చర్చి హాళ్లు ఉన్నాయి. లేనిదల్లా ఒక జాబితా. ఏ వంటశాల ఏ పోస్టుకు అన్నం పంపాలి? అది దెబ్బతింటే రెండోది ఏది? కంచన్‌బాగ్ పక్కనే ఉన్న వంటశాల కంచన్‌బాగ్ మీద దాడి జరిగిన రోజు పనికిరాదు గనుక, రెండోది దూరంగా ఉండాలి. ఈ సంగతులు సైరన్ మోగాక ఫోన్లలో తేల్చుకునేవి కావు.

యుద్ధం రాకపోయినా ఈ అవసరం తీరిపోదు. మాక్ డ్రిల్ జరిగిన 11 రోజులకే, మే 18న, చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో అగ్నిప్రమాదం జరిగి 17 మంది ఊపిరాడక, కాలిపోయి చనిపోయారు. వారిలో పసిపిల్లలు ఉన్నారు. ఇరుకు గల్లీల్లో ప్రమాదం జరిగితే ముందు పరుగెత్తేది పక్కింటివారే. వారే రేపటి వాలంటీర్లు. వారిని నిలబెట్టుకోవాలంటే వారి కడుపు గురించి కూడా ఆలోచించాలి.

అధికారులను మేము అడిగేవి

డబ్బు లేదన్న మాట ఇక్కడ చెల్లదు. మే 9న కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకు లేఖ రాసి, 1968 పౌర రక్షణ నియమావళిలోని 11వ నిబంధన కింద అత్యవసర కొనుగోళ్ల అధికారాలు వాడుకోమని చెప్పింది. స్థానిక సంస్థల నిధులను మిగతా పనుల కంటే ముందుగా దీనికి ఖర్చు చేసే వీలు ఆ నిబంధనలో ఉంది. తాళ్లు, టార్చిలైట్లు, జనరేటర్లు కొనడానికి ఆ వీలును వాడినట్టే భోజనానికీ వాడవచ్చు. హైదరాబాద్ జిల్లా పౌర రక్షణ ప్రణాళికలో ఈ ఐదు మాటలు స్పష్టంగా రాయాలని మేము కోరుతున్నాము.

మొదటిది: ఆరు గంటలు దాటిన డ్యూటీకి ఒక పూట భోజనం, రాత్రంతా ఉండేవారికి రెండు పూటలు, మొదటి గంటలోనే నీళ్లు, పొడి తిండి సంచి.

రెండోది: ప్రతి పోస్టుకు ఒక వంటశాల, దానికి బదులుగా మరొకటి, వాటి పేర్లు, బాధ్యుల ఫోన్ నంబర్లు, బండికి ముందుగానే ఇచ్చిన పాసు.

మూడోది: బిల్లు ఏ నిధి నుంచి, ఎన్ని రోజుల్లో చెల్లిస్తారు. సేవ చేసిన వంటవాడు తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగే పరిస్థితి వస్తే మరుసటిసారి డేగ్ పొయ్యి మీదికి ఎక్కదు.

నాలుగోది: మూడు రోజులు మించి పిలిచిన దినకూలీ వాలంటీర్ ఇంటికి ఒక సరుకుల సంచి. ఇంట్లో పిల్లలు పస్తున్నారన్న దిగులుతో ఎవరూ కాపలా కాయలేరు.

ఐదోది: శాకాహారుల గిన్నె వేరు, మాంసం పెడితే హలాల్, రంజాన్ నెలలో సెహ్రీకి, ఇఫ్తార్‌కు తగిన వేళలు, చక్కెర జబ్బు ఉన్నవారికి తగిన తిండి. పాతబస్తీలో ఇవి సౌకర్యాలు కావు, అవసరాలు. తినలేని అన్నం ఎంత పెట్టినా పెట్టనట్టే.

రాబోయే డ్రిల్‌లో దీన్ని కూడా పరీక్షించాలి. 200 మంది వాలంటీర్లను నాలుగు చోట్ల నిలబెట్టి, రాత్రి 9 గంటలకు ఎన్ని పళ్లెాలు వేడిగా చేరాయో లెక్కపెట్టాలి. సైరన్ ఎన్ని నిమిషాలు మోగిందో రాసుకునే అధికారి ఈ లెక్క కూడా రాసుకోవాలి.

సంఘం వంతు

యుద్ధ సన్నాహాల్లో క్రైస్తవులకేం పని అని అడిగే సోదరులు ఉన్నారు. వారి మనస్సాక్షిని మేము గౌరవిస్తాము. అయితే పౌర రక్షణ ఆయుధం పట్టే పని కాదు. నారింజ రంగు మీద నీలి త్రికోణం దాని గుర్తు. అంతర్జాతీయ మానవతా చట్టం దానిని ప్రాణాలు కాపాడే పనిగానే చూస్తుంది, అత్యవసర వసతి, సరుకులు అందించడాన్ని అందులో భాగంగా లెక్కిస్తుంది. అన్నం పెట్టేవారికి ప్రమాదం లేదని కూడా అనుకోవద్దు. 2024 ఏప్రిల్ 1న గాజాలో వరల్డ్ సెంట్రల్ కిచెన్‌కు చెందిన ఏడుగురు సేవకులు ఆహారం చేర్చి తిరిగి వస్తూ వైమానిక దాడిలో చనిపోయారు. అందుకే వంటవారి పేర్లు, బండి నడిపేవారి పేర్లు కూడా వాలంటీర్ల జాబితాలోనే ఉండాలి. బీమా ఉంటే వారికీ ఉండాలి.

నెహెమ్యా గ్రంథం చదివినవారికి ఈ సమస్య కొత్తది కాదు. నాలుగో అధ్యాయంలో ప్రజలు ఒక చేత్తో పని, ఒక చేత్తో కాపలా చేస్తూ యెరూషలేము గోడ కడుతున్నారు. ఐదో అధ్యాయం తెరిస్తే వారి ఇళ్ల నుంచి ఏడుపు వినబడుతుంది. ధాన్యం కోసం పొలాలు, ఇళ్లు తాకట్టు పెట్టామని భార్యాభర్తలు మొరపెట్టుకుంటారు. గోడ పని అత్యవసరం, తర్వాత చూద్దాం అని నెహెమ్యా అనలేదు. వడ్డీలు మాన్పించాడు, పొలాలు తిరిగి ఇప్పించాడు, అధిపతిగా తనకు రావలసిన భత్యం తీసుకోకుండా రోజూ నూట యాభై మందికి తన బల్ల దగ్గర భోజనం పెట్టాడు. దావీదు కూడా అమాలేకీయులను తరిమి వచ్చాక, అలసిపోయి బెసోరు వాగు దగ్గర సామాను కాచిన 200 మందికి యుద్ధానికి వెళ్లినవారితో సమాన భాగం ఇవ్వాలని నియమం పెట్టాడు. వెనుక నిలబడినవారి భాగాన్ని తక్కువ చేయకపోవడం మన విశ్వాసంలోనే ఉంది.

హైదరాబాద్ సంఘాలు ఈ నెలలోనే చేయగల పని ఒకటి ఉంది. మీ చర్చి హాలులో ఎంతమందికి వండవచ్చు, ఎన్ని గిన్నెలు ఉన్నాయి, గ్యాస్ ఎన్ని రోజులకు సరిపోతుంది, వంట తెలిసిన సహోదరీ సహోదరులు ఎందరు అన్నది ఒక కాగితం మీద రాసి, సంతకం చేసి, జిల్లా కలెక్టర్ కార్యాలయంలోనూ దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనూ ఇవ్వండి. పక్కనే ఉన్న మసీదు కమిటీతో, గుడి కమిటీతో కూర్చుని ఎవరు ఏ పూట వండాలో ముందే మాట్లాడుకోండి. బ్యానర్లు, ఫొటోలు అక్కర్లేదు. పిలుపు వచ్చిన రాత్రి ఆ హాలు తాళంచెవి ఎవరి దగ్గర ఉందో అందరికీ తెలిస్తే చాలు.